ఐదు రంగుల రుమాళ్ళు

తలకాయలు లెక్కపెట్టి చంకలు గుద్దుకునే నాయనా, నీకే చెబుతున్నాను. పక్కవాడి వైపు చూడకు. వంద మంది వచ్చారని చాటుకుంటావే, ఆ వందలో పని వచ్చినవాళ్ళెందరని ఒక్కసారైనా అడిగావా? అడగవు. అడిగితే నీ పరువు పోతుంది. అడక్కపోతే ఏం పోతుందో ఈ కథ విను.

ఒక పెద్ద అడవిలో జంతువుల పిల్లలకు స్కౌటు దండు ఉండేది. అడవంతటికీ ఒకటే కట్టుబాటు. ఆరుగురు పిల్లలు ఒక జట్టు, నాలుగు జట్లు ఒక దళం, కోనకొక దళం. ఐదేసి కోనలకు ఒక మండలాధికారి. అందరికీ పైన కొండ మీద పెద్ద శిబిరం, అక్కడ ఏనుగు పెద్దమ్మ. చేరిన ప్రతి పిల్లా మెడకు తన దళం రంగు రుమాలు కట్టుకుని, అబద్ధమాడనని మాట ఇవ్వాలి. మోకు విసరడం, ముడి వేయడం, వాగులో పడినవాణ్ణి ఒడ్డుకు లాగడం నేర్వాలి. వానాకాలంలో ఏ కోన రేవును ఆ కోన దళమే కాయాలి. దళం లేని కోనకు మాత్రం పెద్ద శిబిరం నుంచి అడవిదున్నలు దిగి వచ్చి కాపు ఉండేవి. దున్నలు కొన్నే, కోనలు చాలా. అందుకని ఎక్కడ దళం ఉందో, ఎక్కడ లేదో పెద్దమ్మకు సరిగ్గా తెలియాలి.

తూర్పు మండలానికి అధికారి జంబన్న అనే నక్క. అతని ఐదు కోనల్లో దళం ఉన్నది ఒక్క ఇప్పకోనలోనే. అదైనా బోడెద్దు చలవ. ఆ ముసలి ఎద్దు రోజూ పొద్దున్నే పిల్లల్ని రేవుకు తీసుకెళ్ళి, చేతకానివాడికి చేతనయ్యేదాకా మోకు విసరడం నేర్పేవాడు. మిగతా నాలుగు కోనల్లో ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రుల్ని ఒప్పించే ఓపిక జంబన్నకు లేదు. కానీ ఐదు కోనలూ నింపిన అధికారికి పెద్దమ్మ వెండి ఈల ఇస్తుందని తెలిసినప్పటి నుంచి అతనికి కూడు సహించలేదు.

ఆ ఏడు తొలకరికి ముందు పెద్దమ్మ తనిఖీకి వస్తున్నానని కబురు పెట్టింది. రోజుకొక కోన. జంబన్న ఐదు రంగుల రుమాళ్ళ మూటతో బోడెద్దు దగ్గరికి వచ్చాడు. ఏనుగు బండిబాట వెంట చుట్టూ తిరిగి వస్తుందని, పిల్లలు మేకలదారిన అడ్డంగా పోతే ముందే చేరతారని, రోజుకొక రంగు రుమాలు కట్టుకుని నిలబడితే చాలని చెప్పాడు.

బోడెద్దు నెమరు ఆపాడు. "ఐదు దళాలని రాస్తే దున్నలు రావు, అల్లుడూ. నిరుడు నువ్వుండే వెదురుకోన రేవును కాసింది అవే."

"కాసి ఏం చేశాయి మామా? మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నెమరేసుకుని పోయాయి."

"పిల్లల చేత అబద్ధమాడించమంటావా?"

"నోరు విప్పితే కదా అబద్ధం. వాళ్ళు ఊరికే నిలబడతారు, చెప్పేదేదో నేను చెబుతాను. వచ్చే ఏడు నిజంగానే దళాలు కడదాం. నీ పిల్లలకు కొత్త మోకులు ఇప్పిస్తాను."

మోకులు పాతబడ్డ మాట నిజమే. తప్పని తెలిసీ బోడెద్దు గంగిరెద్దులా తల ఊపాడు.

మూడో రోజు రుమాలు మార్చుకుంటూ చిరుగు చెవి కుందేలు పిల్ల అతన్ని అడిగింది. "మాస్టారూ, ఇవాళ మనం ఎవరం?"

"వరసలో నిలబడు," అన్నాడు బోడెద్దు.

ఐదో రోజు వెదురుకోనలో పెద్దమ్మ ఆ కుందేలు ముందు ఆగింది. "ఈ చెవిని నిన్నా మొన్నా చూసినట్టుందే."

"వాళ్ళన్నను చూసి ఉంటారమ్మా," అన్నాడు జంబన్న. "ఆ వంశమే అంత. చిరుగు చెవులతోనే పుడతారు. వాళ్ళ తాతకు ఆ చెవి చూసే పిల్లనిచ్చారట."

పెద్దమ్మ నవ్వింది. ఆ కోనలో ఏ తల్లినైనా పిలిచి, నీ బిడ్డ ఏ జట్టులో ఉన్నాడని అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఐదు దళాలని రాయించి, వెండి ఈల జంబన్న మెడలో వేసి కొండెక్కింది.

వానలు పట్టాయి. దున్నలు పడమటి మండలానికి పోయాయి. ఈసారి వాగు మోకాలి లోతున ఆగలేదు. ఒక మధ్యాహ్నం వెదురుకోన రేవులో పీతలు పడుతున్న జంబన్న పిల్లలు ముగ్గురూ, పైనుంచి నీళ్ళు విరుచుకుపడగానే నడుమ బండ ఎక్కి చిక్కుకుపోయారు. జంబన్న వెండి ఈల తీసి మూడుసార్లు పొడుగ్గా ఊదాడు. దళాన్ని ఆపదకు పిలిచే గుర్తు అది. ఎవరూ రాలేదు. రావడానికి ఎవరున్నారు? పైన పటారం, లోన లొటారం.

భార్యను ఇప్పకోనకు పరుగెత్తించి, తాను కొండకు పరుగెత్తాడు. తన పిల్లలు వాగులో ఉన్నారని, దున్నల్ని పంపమని పెద్దమ్మ కాళ్ళు పట్టుకున్నాడు.

"దున్నలు పడమర ఉన్నాయి," అంది పెద్దమ్మ. "నీ కోనలోనే ఇరవై నలుగురు ఉన్నారు కదయ్యా. ఎర్ర రుమాళ్ళవాళ్ళు. నేనే చూశాను."

"వాళ్ళు లేరమ్మా. రుమాళ్ళే ఉన్నాయి."

పెద్దమ్మ తానే దిగి బయలుదేరింది. మేకలదారి ఆమెను మోయదు. బండిబాట వెంట చుట్టూ తిరిగే రావాలి.

ఇప్పకోన దళం అంతకు ముందే చేరింది. వాళ్ళు రోజూ దిగే రేవు కాదది. ఎక్కడ లోతో, ఎక్కడ సుడో తెలియదు. చేతుల్లో ఆ పాత మోకులే, ఇస్తానన్న కొత్తవి రానే లేదు. అయినా చిరుగు చెవి కుందేలు విసిరిన మోకు బండకు అందింది. నక్క పిల్లల్లో చిన్నది దాన్ని పట్టుకుని ఒడ్డుకు వచ్చింది. రెండోసారి విసిరిన మోకు సగంలో తెగింది. మూడోది విసిరేసరికి బండ మీద ఎవరూ లేరు.

తెగిన మోకును చుడుతూ కుందేలు పిల్ల అడిగింది. "మాస్టారూ, ఆ రోజు మనమే కదా వెదురుకోన దళం. మరి పొద్దున్నుంచీ ఇక్కడెందుకు లేం?"

బోడెద్దు ఆ మోకు అందుకుని తానే చుట్టసాగాడు.

రాతలో ఉన్న దళం రేవు కాయదు.

వాన వెలిశాక జంబన్న వెండి ఈల తెచ్చి పెద్దమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆమె దాన్ని తొండంతో అతని వైపే నెట్టింది.

"ఉంచుకో జంబన్నా. ఇద్దరు బిడ్డల్ని ఇచ్చి కొన్నావు."