పాటల పెట్టెలో చరణం

నీలాద్రికి అన్నం సహించడం లేదు. తెల్లారితే సంస్థానంలో పాడాలి మరి. గురువుగారు ముక్తేశ్వర శాస్త్రిగారికి పెద్దతనం వచ్చింది. ఆస్థానంలో ఆయన చోటు శిష్యుడికే ఇద్దామని రాజావారికి ఉంది. ఉంటే ఇచ్చెయ్యొచ్చుగా, పరీక్ష ఒకటి పెట్టారు. తమ తాతగారి కాలంలో సింహాద్రయ్యగారనే విద్వాంసుడు పాడిన కీర్తనని అచ్చం ఆయన పాడినట్టే పాడాలట. తేడా వస్తే చోటు ఇంకొకరిది.

సింహాద్రయ్యగారి పాట విన్నవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. మిగిలింది ఒక పాటల పెట్టె. అప్పట్లో కోటకి వచ్చిన ఓ దొర ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాడించుకుని, ఇత్తడి గొట్టం మీద స్వరానికో ముల్లు దిగ్గొట్టి దాన్ని తయారుచేశాడట. కీ ఇచ్చినప్పుడల్లా గొట్టం మొదటికొచ్చి తిరుగుతుంది. ముళ్ళు ఉక్కు పళ్ళని మీటుతాయి, పాట వస్తుంది. రేపు సభలో ముందు పెట్టె మోగిస్తారు, తర్వాత నీలాద్రి పాడాలి.

నేర్చుకోమని పెట్టె ఇస్తూ కోటవాళ్ళు, "స్ప్రింగు పాతది, జాగ్రత్త" అన్నారు. అసలే పిరికివాడు, పైగా ఈ మాటొకటి. పాపం, తలుపులేసుకుని బిక్కుబిక్కుమంటూ సాధన చేశాడు.

సాయంత్రం గురువుగారికి వినిపించాడు. పల్లవి హుషారుగా సాగింది. అనుపల్లవీ బాగుంది. చరణంలోకి వచ్చేసరికి పాట నీరసపడి, కాళ్ళీడ్చుకుంటూ నడిచి, చివరి మాట దగ్గర గొంతులోనే ఆగిపోయింది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నారు శాస్త్రిగారు.

"బాగానే ఉందండీ. పాతవాళ్ళ బాణీ అంతేనండి. చరణం దగ్గర దుఃఖం ముంచుకొచ్చినట్టు పాడేవారు. పెట్టె ప్రతిసారీ అలాగే పాడుతుంది. ఆ నెమ్మది పట్టడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది."

"ఏదీ, వినిపించు."

నీలాద్రి కీని తిప్పీ తిప్పనట్టు తిప్పి, చెయ్యి తీసేశాడు. పెట్టె మోగింది. చరణంలో నీరసపడి ఆగింది.

శాస్త్రిగారు పెట్టెని ముందుకి లాక్కుని కీ తిప్పడం మొదలుపెట్టారు.

"చాలండీ, తెగిపోతుంది."

ఆయన తిప్పుతూనే ఉన్నారు.

"మీకు దణ్ణం పెడతాను, ఆపండి. అది తెగితే రేపు నా గతేం కాను?"

కీ ఇక తిరగనని మొరాయించేదాకా తిప్పి, అప్పుడు వదిలారు. నీలాద్రి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఏదీ తెగలేదు. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. చరణం వచ్చింది. పెళ్ళిపందిట్లో ఆడపిల్లల్లా తుళ్ళుతూ, గలగలమంటూ వచ్చి, ఎక్కడా ఆగకుండా మళ్ళీ పల్లవి అందుకుంది.

నీలాద్రి మొహం పాలిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ నేను పాడింది ఎవరి బాణీ అండీ?"

"నీ భయానిదిరా నాయనా" అన్నారు శాస్త్రిగారు.

పెట్టెని అతని ముందుకి జరిపారు.

"ఈసారి కీ నువ్వివ్వు."