అక్క గుమ్మం దాకా పికప్ బండి

గోగుల్లంకలో అందరికంటే తెలివైన కుటుంబం అచ్చియ్యమ్మది. ఈ సంగతి మొట్టమొదట కనిపెట్టింది అచ్చియ్యమ్మే. ఊళ్ళోవాళ్ళు కూడా ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు తెలివంటే వీళ్ళదేనని చెప్పుకుని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. నవ్వుతున్నారంటే తమను చూసి సంతోషపడుతున్నారని ఆవిడ లెక్క. పెద్దకొడుకు ఏడుకొండలు ఎవరేం చెబితే అది పొల్లు పోకుండా చేసేస్తాడు. చిన్నకొడుకు దొరబాబు పదో తరగతి మూడోసారికి పాసయ్యాడు. అవే పుస్తకాలు మూడేళ్ళు చదివినవాడు ఈ చుట్టుపక్కల ఇంకెవడున్నాడో చూపించమని ఆవిడ సవాలు చేసేది. పెద్దకోడలు లోవలక్ష్మి వీళ్ళెవరికీ తీసిపోదు.

ఇంత తెలివి ఉన్నా అచ్చియ్యమ్మకు ఒక దిగులుండేది. వేమలపాడులో ఉన్న అక్క మంగాయమ్మను చూసి ఆరేళ్ళయింది. ఆటో ఎక్కితే అచ్చియ్యమ్మకు నడుము పట్టేస్తుంది, బస్సెక్కితే పట్టిన నడుము వారం దాకా వదలదు. ఈమధ్యే మంగాయమ్మ కళ్ళకు శుక్లాల ఆపరేషను జరిగింది. కట్టు విప్పాక ముందు మా చెల్లి మొహమే చూస్తానని ఆవిడ అందరి ముందూ అంది. అంతే. డాక్టరు కట్టు విప్పి నాలుగు రోజులైనా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, పైన తువ్వాలు చుట్టుకుని, అరుగు మీద కూర్చుంది. మందు చుక్కలు కూడా రెప్పల మీదే వేయించుకుంటోందట. ఆవిడా అచ్చియ్యమ్మ పుట్టిన కడుపునే పుట్టింది కదా.

"నేను వెళ్ళకపోతే అక్క ఈ జన్మకు కళ్ళు తెరవదురా" అని అచ్చియ్యమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది.

కొడుకులు ఆలోచించారు. అరటిగెలలు మార్కెట్టుకు తోలడానికి ఎలాగూ ఒక బండి కావాలి. అమ్మ నడుముకు నొప్పి తెలియని బండి కొంటే రెండు పనులూ అయిపోతాయి. మర్నాడే, అమ్మ నడుము పట్టేస్తున్నా ఆటోలో అందరూ కలిసి పట్నంలో పికప్ బండ్లమ్మే షోరూముకి వెళ్ళారు.

అక్కడ టై కట్టుకున్న ఒక పెద్దమనిషి చిన్న పికప్ బండి ఒకటి చూపించి, దాని గుణగణాలు చెప్పడం మొదలుపెట్టాడు. రేకు ఎంత గట్టిదంటే పైన కొబ్బరికాయ పడ్డా సొట్ట పడదన్నాడు. రోడ్డు ఎలా ఉన్నా లోపల కుదుపన్నదే తెలియదన్నాడు. దొరబాబు తలుపు వేసి చూస్తే ధబ్బుమని నిండుగా మోగింది. ఆ మోతలోనే బండి నాణ్యత ఉందని పెద్దమనిషి అనేసరికి, ఎంత ఉందో తెలుసుకుందామని దొరబాబు ముప్ఫైసార్లు తలుపు తీసి వేశాడు. అచ్చియ్యమ్మ లోపల కూర్చుని ముందున్న డాష్‌బోర్డు అతుకుల్లో గోరు దూర్చబోయింది, దూరలేదు. సీటు వెనక్కి వాల్చారు. ఆరేళ్ళుగా సలుపుతున్న నడుము ఒక్కసారిగా ఊరుకుంది. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి.

పెద్దమనిషికి కూడా మనసు కరిగినట్టుంది. "ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుందమ్మా. మీరు కూడా లోపలంతా ఇంట్లోలాగే చూసుకోండి" అన్నాడు. ఏసీ వేస్తే అద్దాలు దించకూడదని, ముందు ఇద్దరే కూర్చోవాలని, వెనక సరుకే తప్ప మనుషులు ఎక్కకూడదని కూడా చెప్పాడు. ఏడుకొండలు అన్నిటికీ ఆయ్ ఆయ్ అంటూ బుర్రలోకి ఎక్కించుకున్నాడు.

బండి ఇంటికి వచ్చింది. షోరూము నుంచి ఇంటికి సరిగ్గా నలభై కిలోమీటర్లని మీటరు చూపించింది. రాగానే దొరబాబు పెరట్లో కొబ్బరిచెట్టు కింద బండిని పెట్టించి, పైకెక్కి, గెల మొత్తం నరికి వదిలాడు. ఇంకేముంది, బండి టాపు మధ్యలో పిల్లను పడుకోబెట్టేంత గుంట పడింది. ఇంటిల్లిపాదీ గుంట చుట్టూ నిలబడి ఆలోచించారు. షోరూమాయన కొబ్బరికాయ అన్నాడు గానీ కొబ్బరికాయలు అనలేదని, బండి మాట తప్పలేదని, తప్పు చేసింది మనమేనని లోవలక్ష్మి తేల్చింది. దొరబాబు బండికి క్షమాపణ చెప్పాడు.

తెల్లారి వేమలపాడు ప్రయాణం. లోపలంతా ఇంట్లోలాగే చూసుకోమన్నారు కాబట్టి లోవలక్ష్మి బండి లోపల చీపురుతో ఊడ్చి, ఎక్కే మెట్టుకు పసుపు రాసి ముగ్గు పెట్టింది. పైన వెనక్కి చూసే అద్దానికి ఉట్టి కట్టి మజ్జిగ కుండ పెట్టింది. ఇంట్లోకి చెప్పులతో ఎవరైనా వెళ్తారా? అందరూ చెప్పులు విప్పి వీధిలో వరసగా పెట్టి మరీ ఎక్కారు.

ముందు ఏడుకొండలు, అమ్మ. మిగిలిన ఇద్దరి మాటేమిటి? వెనక సరుకే ఎక్కాలి. అంతే, దొరబాబు, లోవలక్ష్మి చెరో గోనెసంచిలో దూరారు. ఏడుకొండలు సంచుల్ని కాటా మీద తూచి, మెడల దగ్గర పురికొస కట్టి, పైన బరువు రాసి బండిలో సర్దాడు.

ఊరి బయట స్పీడ్ బ్రేకరు దగ్గర కుండ బోర్లపడి మజ్జిగంతా ఏడుకొండలు నెత్తి మీద పోసింది. లోపల కుదుపు తెలియదని చెప్పారు కదా, అందుకని మజ్జిగ ఒలకలేదని ఏడుకొండలు మొహం తుడుచుకుంటూ అమ్మకు నచ్చజెప్పాడు. అచ్చియ్యమ్మ అవునవునంది. ఏసీ చల్లగా వస్తోంది, నడుము హాయిగా ఉంది, అక్క మొహం ఒక్కొక్క మైలూ దగ్గరవుతోంది. ఇంతకంటే మనిషికి ఏం కావాలనిపించింది ఆవిడకు.

వంతెన దగ్గర పోలీసాయన బండి ఆపి, అద్దం దించమని చెయ్యి ఊపాడు. ఏసీ వేసి ఉండగా దించకూడదు. ఏడుకొండలు లోపల్నుంచి దండం పెట్టాడు. పోలీసాయన అరిచాడు. ఏడుకొండలు ఇంకా వంగి దండం పెట్టాడు. ఆయన విసుక్కుని వెనక్కి వెళ్ళి ఒక సంచిని లాఠీతో పొడిచాడు.

"ఏముంది ఇందులో?"

"అరటికాయలండీ" అంది సంచి.

"కాయలు మాట్లాడతాయా?"

"పచ్చివైతే మాట్లాడవండి. ఇవి పండినవండి."

పోలీసాయన తన ఉద్యోగంలో చాలా చూశాడు గానీ పళ్ళు అండీ అని పిలవడం అదే మొదలు. సంచులు విప్పించి ఇద్దర్నీ దింపేశాడు. వేమలపాడు బస్సు ఆపి ఎక్కించాడు. కాళ్ళకు చెప్పుల్లేక కాలే తారు మీద గెంతుతున్న ఆ ఇద్దర్నీ చూసి, కేసు రాయడానికి ఆయనకే చెయ్యి రాలేదు.

ఇంకో పది కిలోమీటర్లు వెళ్ళేసరికి ఏడుకొండలు ఫోను మోగింది. బండి పక్కకు ఆపి ఎత్తాడు. షోరూము నుంచి ఒకమ్మాయి. మీటరెంతైందండీ అని అడిగింది. ఎనభై ఆరన్నాడు.

"వంద కాగానే బండి షోరూముకి తెచ్చేయండి సార్. బోల్టులన్నీ చూసి బిగిస్తారు. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు" అని పెట్టేసింది.

అప్పట్నుంచి ఏడుకొండలు రోడ్డుని ఒక కంటితో, మీటరుని ఒక కంటితో చూస్తూ నడిపాడు. తొంభై అయిదు. తొంభై ఎనిమిది. వేమలపాడులోకి వచ్చారు. అక్క వీధి వచ్చింది. అరుగు మీద మంగాయమ్మ తువ్వాలు కట్టుకుని నిలబడి ఉంది. వదినతో ముందే బస్సు దిగి వచ్చిన దొరబాబు పక్కనే ఉండి, వస్తోంది పెద్దమ్మా వస్తోంది అని చెబుతున్నాడు. ఆవిడ ముడి విప్పడానికి రెండు చేతులూ తల వెనక్కి పెట్టింది. అచ్చియ్యమ్మ సీటులో ముందుకు జరిగింది.

సరిగ్గా గుమ్మం ముందు మీటరు వంద చూపించింది. ఇంకేముంది, ఏడుకొండలు స్టీరింగు గిర్రున తిప్పేశాడు.

"ఒరే, ఒక్క నిమిషం ఆపరా. మొహం చూపించి వచ్చేస్తాను."

"ఆలస్యం చెయ్యొద్దని చెప్పేరమ్మా."

చెప్పింది చెప్పినట్టు చెయ్యమని వాణ్ణి పెంచింది ఆవిడే. అచ్చియ్యమ్మ అద్దానికి మొహం ఆనించి అక్కవైపే చూసింది. బండి చప్పుడు దూరమవుతుంటే మంగాయమ్మ చేతులు అలాగే తల వెనక ఉండిపోయాయి. ఎక్కడరా, చెల్లి ఎదురుగా నిలబడిందా అని ఆవిడ అడిగితే, బండి వెనక్కి తిరిగిపోయింది పెద్దమ్మా అన్నాడు దొరబాబు. ఆవిడ ముడిని ఇంకా బిగించుకుంది. దారి పొడుగునా అచ్చియ్యమ్మ ఏడుస్తూనే ఉంది. అయినా సీటు చాలా మెత్తగా ఉందని, నడుము నొప్పి లేకుండా ఏడవడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారని కొడుకుతో చెప్పింది.

షోరూములో మెకానిక్కు మీటరు చూసి కసురుకున్నాడు. "వందకు తెమ్మంటే నూట యాభై ఎనిమిదికి తెచ్చారేంటండీ? యాభై ఎనిమిది ఎక్కువ తిప్పేసి ఇప్పుడొస్తే ఎలాగ?" అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఏడుకొండలుకు తల కొట్టేసినట్టయింది. ఇంతవరకూ వాణ్ణి మాట తప్పావన్నవాడు లేడు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తిరగ్గా తిరగ్గా మొహం వెలిగింది. ముందుకు నడిపితే కిలోమీటర్లు పెరిగాయి. వెనక్కి నడిపితే తగ్గవూ? యాభై ఎనిమిది తగ్గించేస్తే మళ్ళీ వంద దగ్గరకి వచ్చేస్తుంది.

"వంద ఎక్కడయిందిరా?" అని అచ్చియ్యమ్మ ఆత్రంగా అడిగింది.

"పెద్దమ్మ గుమ్మం ముందేనమ్మా."

ఆవిడ గబగబా కళ్ళు తుడుచుకుంది. ఇలాంటి తెలివి ఇంకే తల్లి కడుపున పుడుతుందని కొడుకు నెత్తి నిమిరి, సీటులో సర్దుకుని కూర్చుంది. ఏడుకొండలు వెనక గేరు వేశాడు. అంతే, రోడ్డు మీద లారీలు హారన్లు కొడుతుంటే పికప్ బండి వెనక్కి వెనక్కి వేమలపాడుకు బయల్దేరింది. కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్న అక్కకు తన మొహం చూపించడానికి, అచ్చియ్యమ్మ షోరూము వైపు మొహం పెట్టుకుని నవ్వుతూ వెళ్ళింది.