బిళ్ళ కట్టిన చోటు

పెన్న ఒడ్డున మఠం కట్టుకొని, వచ్చిన ప్రతి రోగికీ మందిచ్చే సిద్ధలింగస్వామికి ఒక అలవాటుండేది. శిష్యుడు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాడు. "విన్నాను నాయనా" అని మళ్ళీ తన పనిలో పడిపోయేవాడు. జవాబును ఆ పరమేశ్వరుడే ఎటునుంచో నడిపించుకొని వస్తాడని ఆయన నమ్మకం. ఈసారి ఆ జవాబు కుంటుకుంటూ వచ్చింది, వినండి.

ప్లేగు రోజులవి. గజ్జలోనో చంకలోనో వాచి బిళ్ళ కట్టినవాడు కనబడితే చాలు, సర్కారు జవాన్లు బండెక్కించి ఊరవతల వేసిన పాకలకు తోలుకుపోయేవారు. ఆ పాకల నుంచి తిరిగి వచ్చినవాళ్ళు అరుదు. అందుకే పెద్ద శిష్యుడు విరూపాక్షుడు మఠానికి కొత్త కట్టడి పెట్టాడు. రోగులు కంచె అవతలే ఆగాలి. బాటసారుల కోసం వాకిట్లో ఉండే నీళ్ళ బానను కూడా లోపలికి తీయించాడు. ఎవరు తాగిన ముంత ఎవరికి రోగం అంటిస్తుందోనని అతని భయం.

ఆనాటినుంచి వంటచేసే తిప్పక్క నోటికి మూత పడలేదు. పూజ వేళ గిన్నెలు దబదబా పడేసేది. నలుగురూ ఉండగానే విరూపాక్షుణ్ణి దులిపేసేది. "ఎండన పడి వచ్చినోళ్ళకు గుక్కెడు నీళ్ళు పొయ్యని మఠం ఏం మఠం సామీ? తాళం వేసుకొని లోపలే జపం చేసుకో" అనేది. విని విని అతనికి విసుగెత్తిపోయింది. ఒక పొద్దున స్వామి మూలికలు నూరుతుండగా వెళ్ళి అడిగాడు.

"స్వామీ, ఈ తిప్పక్క మన మఠానికి ఒంట్లో లేచిన గడ్డలాంటిది. దినదినానికీ ఉబ్బుతోంది. కోసి పారేస్తే అందరికీ శాంతి కదా?"

"విన్నాను నాయనా" అన్నాడు స్వామి, కల్వం మీంచి చెయ్యి తీయకుండానే.

ఆ మధ్యాహ్నమే గొర్రెలకాపరి బీరప్ప కర్ర ఊతంగా వచ్చి కంచె దగ్గర కూలబడ్డాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఏమయిందని అడిగితే పంచె కాస్త పక్కకు తీసి చూపించాడు. గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ. విరూపాక్షుడి కాలు తనకు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి పడింది. ఆ అడుగును బీరప్ప చూశాడు.

"పాకలకు మాత్రం పంపొద్దు సామీ. మా ఆడది నిండు చూలాలు" అన్నాడు మెల్లగా.

స్వామి కంచె దాటి వెళ్ళి అతని పక్కనే మట్టిలో కూర్చున్నాడు. అంతలో బాట మీద బండి చప్పుడు. ఎవరో చూసి కబురు పెట్టినట్టున్నారు. విరూపాక్షుడికి ఒకటే తోచింది, బండి వచ్చేలోగా ఆ బిళ్ళను కోసి వాత పెట్టేస్తే ఈ మనిషి దక్కుతాడేమోనని. పరుగున కత్తి తెచ్చాడు, శివనామం చెప్పుకొని కంచె దాటి వంగాడు. అంచు చర్మానికి తగిలేలోగా స్వామి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"బిళ్ళను చూశావు. కాలు చూశావా?"

కాలినిండా ఎండిన బురద. నీళ్ళు కావాలన్నాడు స్వామి. విరూపాక్షుడు కదిలేలోపే తిప్పక్క బానను బానగానే ఎత్తుకొచ్చి కంచె పక్కన దించింది. ఆ ఒక్కసారికి ఏమీ అనలేదు. బురద కడిగేసరికి మడమ దగ్గర నుంచి గజ్జ దాకా సన్నని ఎర్రగీత బయటపడింది.

ముల్లు దిగిందా అని స్వామి అడిగాడు. అంత జ్వరంలోనూ బీరప్పకు నవ్వొచ్చింది. "గొర్రెలు కాసేటోనికి ముల్లు ఒక లెక్కా సామీ? జిల్లేడు పాలు పోసి నడుస్తానే ఉన్నా" అన్నాడు. కాపరులకు అది మామూలే. పైన తోలు మూసుకుంటే ముల్లు పోయిందనుకొని మంద వెంట నడిచేస్తారు. స్వామి ఆ కత్తితోనే మడమ చీల్చాడు. చీము చిమ్మింది. దానితోపాటే నల్లబడిన తుమ్మముల్లు బయటికి వచ్చింది.

బండి దిగిన జవాను అడ్డంగా తలూపాడు. "ముల్లుంటే ఏం సామీ, బిళ్ళ ఉంది కదా. బిళ్ళ ఉన్నోణ్ణి తెమ్మన్నారు."

"అయితే తెల్లవారేదాకా ఆగు నాయనా. ఇతనికి జ్వరం దిగకపోతే నన్నూ ఎక్కించుకో. ముట్టుకున్నవాణ్ణే కదా."

జవాను ఎద్దులను విప్పాడు. విరూపాక్షుడు కంచె ఇవతలికి వచ్చి నిలబడిపోయాడు. గురువుగారు ఆ బండెక్కితే తానేం చేస్తాడో అతనికి అంతుబట్టలేదు. జపం మొదలుపెడితే, తన కాలు వెనక్కి వేసిన ఆ అడుగే కళ్ళముందు మెదిలింది.

తెల్లవారేసరికి బీరప్ప నుదుటిన చెమట పట్టింది. బిళ్ళ మెత్తబడింది. సంగటి ఉందా అని అడిగాడు. జవాను ఎద్దులను కట్టుకొని ఖాళీ బండి తోలుకుపోయాడు.

"అయితే ఆ బిళ్ళ రోగం కాదా స్వామీ?" అన్నాడు విరూపాక్షుడు.

"ప్లేగులోనైనా అది రోగం కాదు నాయనా. కాలిలోంచి పైకెక్కే విషాన్ని అక్కడ అడ్డుకొని నిలబడింది. పోరాడింది గనుక ఉబ్బింది. నువ్వు కోయబోయింది కావలివాణ్ణి."

లోపల తిప్పక్క గొంతు అప్పుడే లేచింది. ఎండెక్కుతోంది, ఆ బానను మళ్ళీ ఎవడు లోపలికి తెస్తాడో చూస్తానంటోంది. విరూపాక్షుడు తల దించుకొని కంచె పక్కనున్న బాననే చూస్తూ ఉండిపోయాడు. స్వామి ఆ తుమ్మముల్లును అతని అరచేతిలో పెట్టాడు.

"ఇంతకీ నిన్న పొద్దున ఏదో కోసి పారేద్దామన్నావు. ఏమిటి నాయనా అది?"