ముందు పెద్దల ఆరాధనలో

ఏటి ఒడ్డు పల్లెలో సువార్తమ్మ ముప్ఫై ఏళ్లుగా సండేస్కూలు నడుపుతోంది. ఆమె బైబిలు కథ చెబితే పైట చెంగే దావీదు వడిసెల, ఇంట్లో గంగాళమే నోవహు ఓడ. ఆ ఓడెక్కి దిగిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు.

ఒక ఆదివారం పాస్టరుగారు సంఘపెద్దల ముందు కృత్రిమ మేధ పెట్టె ఒకటి పెట్టారు.

"సువార్తమ్మా, బైబిలంతా దీనికి కంఠతా వచ్చు. కథలన్నీ ఇదే చెబుతుంది. ఇక నువ్వు విశ్రాంతి తీసుకో."

"టీచరమ్మా, వడిసెలతో ఆ రాకాసి గొల్యాతును ఇంకోసారి పడగొట్టవా" అని బతిమాలిన చిన్న గొంతులన్నీ ఆమె చెవుల్లో మోగాయి. అయినా నవ్వుతూనే అంది:

"మంచిదే అయ్యగారూ. కానీ పసివాళ్ల మీద ప్రయోగమెందుకు? ముందు పెద్దల ఆరాధనలో మీ ప్రసంగం దీనిచేత చెప్పిద్దాం. బాగుంటే పిల్లలకూ పెడదాం."

పెద్దలు సరేనని తలలూపారు. పాస్టరుగారు గబుక్కున అడ్డుపడ్డారు.

"అదెలా కుదురుతుంది? ప్రసంగమంటే వట్టి మాటలా? ఎవరింట్లో ఏ కష్టముందో తెలియాలి, కళ్లలోకి చూసి చెప్పాలి!"

"పిల్లలకు మాత్రం ఇళ్లు లేవా అయ్యగారూ, కష్టాలు లేవా, కళ్లు లేవా? మగవాడు చెబితే దేవుని పరిచర్య, ఆడది చెబితే పెట్టె కూడా చెప్పేసే పనా?"

పెద్దలు పకపకా నవ్వారు. పాస్టరుగారు పెట్టె తీగ ఊడదీశారు.

ఆ వారం సండేస్కూలు అరగంట ఎక్కువసేపు నడిచింది.