గవర్రాజు విమానం దిగిన రోజు

ఎవరైనా ప్రశ్న అడిగితే మా గురువు నరహరి గారు ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. ఎక్కువసేపు తుడిచారంటే అడిగినవాడికి కథ తప్పదని మాకు తెలుసు.

ఆరోజు అడిగినవారు పసుమర్తి విశ్వపతి గారు, తాసిల్దారుగా రిటైరయ్యాక శిష్యులైనవారు.

"గురువుగారూ, మూడు నెలలుగా నాకు కోపమన్నది రాలేదు. ఇంకా ఈ జపం, మౌనం అవసరమంటారా?"

గురువుగారు చాలాసేపు తుడిచి, చెప్పడం మొదలుపెట్టారు.

ఒకప్పుడు ఆయన బడిపంతులుగా చేసిన ఊళ్ళో గవర్రాజు అనే పంపుసెట్ల మెకానిక్కు ఉండేవాడు. ఆరేళ్ళు కష్టపడి తన షెడ్డులోనే ఒక మనిషి పట్టే విమానం కట్టాడు. నడపడం నేర్చుకున్నాడు, అనుమతీ తెచ్చుకున్నాడు. యుద్ధకాలంలో వేసి వదిలేసిన రన్‌వే పక్కన షామియానా వేయించి ఊరంతటినీ పిలిచాడు. అతని భార్య చిన్నమ్మలు ముందు వరసలో కళ్ళు మూసుకుని కూర్చుంది.

విమానం లేచింది. రెండు చుట్లు తిరిగింది. దిగేటప్పుడు చక్రాలు నేలకి తగిలిన చప్పుడైనా రాలేదు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ రకం విమానాన్ని, నేలమీద పరిగెడుతున్నంతసేపూ కాళ్ళకింది పెడళ్ళతోనే తిన్నగా పట్టుకోవాలి. గవర్రాజు పెడళ్ళ మీంచి కాళ్ళు తీసేసి, రెండు చేతులూ జోడించి జనానికి దండం పెట్టాడు. అప్పుడే పక్కనుంచి గాలి వీచింది. పెద్ద గాలేం కాదు, కండువా కొస కదిలేపాటిది. తోక గిర్రున తిరిగింది, ముక్కు షామియానా వైపు మళ్ళింది. సభాధ్యక్షుడు చేతిలోని పూలదండతో సహా పరుగందుకున్నాడు. చిన్నమ్మలుని ఎవరో జబ్బ పట్టుకుని అవతలికి లాగారు. విమానం గుంజలు విరుచుకుంటూ వెళ్ళి, అద్దె కుర్చీల మీదెక్కి ఆగింది.

అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బలు తగల్లేదు. గవర్రాజు షామియానా గుడ్డ కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. భార్య అతన్ని తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసింది.

"పైనున్నంతసేపూ అమ్మవారికి మొక్కుతునే ఉన్నాను. నేలకి తగిలీసినావు కదాని మానీసినాను," అంది.

"నానూ అంతేనే," అన్నాడు గవర్రాజు.

కథ అయిపోయింది. మేమంతా నవ్వాం. విశ్వపతి గారు నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే నాకు కోపం పోలేదనేనా తమరనేది?" గొంతు కాస్త లేచింది.

"మీరు దిగలేదని నేననలేదు," అన్నారు గురువుగారు నెమ్మదిగా. "ఆగారా అని అడుగుతున్నాను."