చెంపసరాలు లేని చెవి

తాతాచారిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. "చెప్పులు వేసుకో" అంటారు. ఎక్కడికో తీసుకుపోతారు. అక్కడ జవాబు దొరికిందా సరే, దొరకలేదా ఆ ప్రశ్న ఇంకా పండలేదన్నమాట.

గోస్తనీ ఒడ్డున ఆయన ఆశ్రమంలో నాంచారమ్మ ఆరేళ్ళుగా ఉంటోంది. ఏభై అయిదేళ్ళ మనిషి. ఒంటిమీద వీసమెత్తు బంగారం లేదు. ముతక నేతచీర తప్ప కట్టదు. సన్న్యాస దీక్ష ఇమ్మని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన "ఇంకా కాదు" అన్నారు. ఆ ఉదయం ఇక ఉండబట్టలేకపోయింది.

"స్వామీ, నాలో ఇంకా ఏం మిగిలింది? బంగారమంటేనే నాకు రోత. దాన్ని దిగేసుకుని కులికే ఆడవాళ్ళంటే మరీ రోత."

"చెప్పులు వేసుకో" అన్నారు ఆయన.

పట్నంలో బస్సు దిగి మ్యూజియానికి వెళ్ళారు. పాతకాలపు జమీందారీ ఇళ్ళ ఆడవాళ్ళు కట్టిన చీరలూ, పెట్టుకున్న నగలూ అక్కడ ప్రదర్శనకు పెట్టారు. తనను పరీక్షించడానికే తెచ్చారని నాంచారమ్మకు అర్థమైంది. పళ్ళు బిగించి గడప దాటింది.

లోపల వెలుతురు తేనెరంగులో, పలచగా ఉంది. అద్దాల వెనక నిలువెత్తు గుడ్డబొమ్మలు. జరీ అంచులు నీళ్ళ అడుగున కదిలినట్టు మెరుస్తున్నాయి. పెట్టెలో దాచిన పట్టు వాసన. ఆ ఆడవాళ్ళంతా ఇప్పుడే స్నానాలకు వెళ్ళారనీ, కాసేపట్లో వచ్చి ఎవరి చీర వాళ్ళు కట్టుకుంటారనీ అనిపించింది. నడుస్తున్న కాళ్ళు తనవో కావో తెలియలేదు.

పక్కన ఇద్దరు కాలేజీ పిల్లలు.

"ఆ వడ్డాణం చూడవే! నాకైతే రెండు చుట్లు వస్తుంది."

"నీకా? జానెడు తక్కువ పడుతుంది, పద."

చివరి బొమ్మ దగ్గర నాంచారమ్మ ఆగిపోయింది. కమ్మలూ, వాటి కింద గుప్పెడంత బుట్టలూ. ఆ బరువుకు గుడ్డచెవి సాగి కుట్టు విడుతోంది. చెంపసరాలను మాత్రం ఎవరో గాజుల్లా చేతికి చుట్టారు.

"అయ్యో, ఎవరమ్మా దీన్ని ముస్తాబు చేసింది?"

అక్కడి పని చూసే అమ్మాయి పరుగున వచ్చింది. "నేనేనండీ. ఏమైంది?"

"చెంపసరాలు చేతికి చుడతారుటే? చెవి బరువు ఎత్తి జుట్టులో దోపుకునేవి ఇవి. చెవి తెగిపోదూ?"

"బొమ్మ చెవే కదా మామ్మగారూ!"

"బొమ్మదైతే మాత్రం? ముందా తలుపు తియ్యి."

ఆ గొంతుకు జడిసి ఆ అమ్మాయి తాళం తీసింది. తెల్లని చేతితొడుగులు ఇచ్చింది. నాంచారమ్మ బొమ్మ చేతికున్న సరాలు విప్పి కమ్మకు తగిలించింది. ఒక చేత్తో ఆ చెవిని కింద ఆనించి పట్టుకుని, రెండో చేత్తో సరాన్ని పైకి లాగి జుట్టులో దోపింది. తన తల్లి జ్ఞాపకం వచ్చింది. చంటిపిల్లకు పాలిస్తూ, కమ్మ బరువుకు చెవి లాగుతుంటే అరచేయి ఆనించి కళ్ళు మూసుకునేది. ఆ మనిషిని చూసి కూడా తాను రోసింది కాబోలు. "నొప్పిగా ఉందా తల్లీ?" అని బొమ్మను పైకే అడిగేసింది.

మెట్ల దగ్గరికి వచ్చాక తెలివి వచ్చినట్టయి కూలబడింది.

"ఓడిపోయాను స్వామీ. అద్దం తెరిపించుకుని మరీ నగను ముట్టుకున్నాను. నా మోజు చావలేదు. దీక్ష మాట ఇక ఎత్తను."

తాతాచారిగారు ఆమె పక్కనే మెట్టుమీద కూర్చున్నారు.

"లోపల అందరూ నగలు చూశారు. నీకు చెవి కనబడింది" అన్నారు. లేస్తూ, "రేపు పొద్దున్నే నీ చీర కావిలో ముంచుకో" అన్నారు.