పొగాకుకు తలవంచిన ప్రభువు

కొండవాక ప్రభువు తిమ్మభూపతికి ఒకనాడు నిండుకొలువులో దగ్గు తెర వచ్చింది. ఆ ఊపుకి కిరీటం ఎగిరి మంత్రిగారి ఒళ్లో పడింది. మంత్రి దాన్ని వెంటనే తిరిగివ్వకుండా ఒక్క క్షణం అటూ ఇటూ తిప్పి చూశాడు.

ప్రభువు గబుక్కున కిరీటం లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు.

"ఈ చుట్ట పీడ నాకు వదలాల్సిందే! మాన్పించినవాడికి నా చేతి కంకణం ఇస్తాను."

ఆస్థాన వైద్యుడు సోమయాజులు బొజ్జ నిమురుకుంటూ లేచాడు. "రోజుకొకటి చొప్పున తగ్గించండి ప్రభూ!"

చుట్టలు తగ్గాయి. పొడవు పెరిగింది. చివరికి ఒకే ఒక్క చుట్ట మిగిలింది గాని, దాన్ని మోయడానికి ఇద్దరు బంట్లు కావాల్సి వచ్చారు.

"పోనీ, చేత్తో చుట్ట ముట్టనని ఒట్టు పెట్టుకోండి" అన్నాడు వైద్యుడు. ప్రభువు మాట తప్పలేదు. బంటు నోట్లో పెడితే కాల్చాడు.

వేపకషాయం పట్టిస్తే, ఆ చేదు పోవడానికి ఇంకో చుట్ట కాల్చాడు.

"ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా కాదు" అని వైద్యుడు చేతులెత్తేశాడు.

కొలువులో ప్రభువు బిరుదులు చదివే అక్కిరాజు కిసుక్కున నవ్వాడు.

"నవ్వుతావేం? నీకు చేతనవునా? ఓడితే కొలువు వదిలి పోతావా?" అన్నాడు వైద్యుడు.

"పోతానండి. ప్రభూ, తమరు హాయిగా కాల్చుకోండి. వెలిగించినప్పుడల్లా నేనొక బిరుదు చదువుతాను. ఆపమని మాత్రం అనకూడదు."

"ఓస్, అంతేనా!" అని ప్రభువు మాటిచ్చాడు. వెంటనే చుట్ట నోట పెట్టి, వెలిగించుకోడానికి పక్కనున్న కుంపటి మీదికి వంగాడు.

"బహుపరాక్! మూడు కోటలు గెలిచిన మహారాజు, వేలెడు పొగాకు ముందు తల వంచుతున్నారహో!"

కొలువంతా నోటికి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకుంది. ప్రభువు ఉడుక్కున్నాడు. స్నానాలగదిలో దాక్కుని వెలిగిస్తే, తలుపవతల అదే కేక. ఏనుగుల సాలకి పారిపోతే ఏనుగు వెనకనించి అదే కేక. మాటిచ్చాడు గనక పళ్లు కొరుక్కోవడమే గతి.

ఇంతలో యుద్ధంలో ఓడిన చింతకోన రాజు కప్పం పంపాడు. రాయబారి బంగారు పళ్లెం ముందుకు చాపాడు. సంతోషంలో ప్రభువు ఒళ్లు మరిచి కుంపటి మీదికి వంగాడు. అక్కిరాజు గొంతెత్తి కేకేశాడు.

రాయబారి చటుక్కున పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"క్షమించాలి ప్రభూ. తమరు తలవంచే ఆ పొగాకుగారెవరో చూపిస్తే, కప్పం వారికే సమర్పించుకుంటాను."

ప్రభువు ముఖం కందగడ్డయింది. చుట్టని కుంపట్లోకి విసిరికొట్టాడు.

"ఈ జన్మలో ఇంక ముట్టను! ఆ పళ్లెం ఇలా తే!"

సోమయాజులు గంతేసి లేచాడు. "ఇదేం వైద్యమయ్యా? మందేదీ, మాకేదీ?"

అక్కిరాజు చేతులు కట్టుకుని అన్నాడు:

"మీరు మందు గొంతులో పోశారు. నేను మీసానికి రాశాను."

అందరికంటే ముందు ప్రభువే పగలబడి నవ్వాడు. కంకణం ఊడదీసి అక్కిరాజు చేతికి తొడిగాడు.

"ఈ పూటకి నీ బిరుదులు చాలు గాని, చుట్ట లేక నోరు లాగేస్తోంది. ముందు నాలుగు లవంగాలు తెప్పించు!"